చెదరిన ఆజ్ఞలకు ఒక మణిమంజరి

2015 మే మాసమున నాటి సింగపూర్ ప్రధానమంత్రి లీ షియన్ లూంగ్, కొన్నేండ్లకు పూర్వము తాము సి ప్లస్ ప్లస్ భాషలో స్వయముగా వ్రాసికొనిన సుడోకు ప్రోగ్రాము యొక్క కోడ్‌ను ఫేస్‌బుక్ ద్వారా సర్వజనులకు అందుబాటులో నుంచిరి. అంకెలను కమాండ్ ప్రాంప్ట్‌లో వరుసవరుసగా టైపు చేసినచో సమాధానమును, దానిని వెదకుటకు పట్టిన మెట్ల సంఖ్యను చూపు చిన్న పనిముట్టది. కేంబ్రిడ్జిలో గణితమును, కంప్యూటర్ శాస్త్రమును అభ్యసించిన వ్యక్తి అట్టిది వ్రాయుట వింత కాదు; వ్రాసినదానిని దాచుకొనక, తప్పులున్నచో చెప్పుడని లోకము ముందు పరచుట నాకు మిక్కిలి ప్రీతికరముగా తోచినది.

చాంగి బిజినెస్ పార్కు మొదలు వన్-నార్త్ వరకు ఈ నగరమున పని చేయు తెలుగు ప్రోగ్రామర్లలో అనేకుల కంప్యూటర్లలో ఇట్టి నిధి యొకటి కలదు. చుక్కతో పేరు మొదలగుటచే మామూలు జాబితాలో కనబడని కాన్ఫిగ్ ఫైళ్లలో ఏండ్ల తరబడి కూడిన మారుపేర్లు, చిన్న స్క్రిప్టులు, అర్ధరాత్రి సర్వరు మొరాయించినపుడు గట్టెక్కించిన ఆజ్ఞలు నిక్షిప్తమై యుండును. ఉద్యోగము మారి ల్యాప్‌టాప్ అప్పగించిన నాడు అవి అంతరించును. నోటనోట చెదరియున్న చాటుపద్యములను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఏర్చి కూర్చి చాటుపద్యమణిమంజరిగా వెలువరింపకున్నచో మనకెన్ని దక్కియుండెడివో! చాటువునకు దాని వెనుకటి కథ యెంత ప్రాణమో, ఆజ్ఞకు దాని కారణము నంతే ప్రాణము.

అట్టి ఆజ్ఞలలో ఒకదానిని దగ్గరగా చూతము. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరచు గిట్‌లో సరిదిద్దిన చరిత్రను సర్వరుకు పంపునపుడు ‘పుష్ ఫోర్స్’ అనినచో, ఈలోగా సహోద్యోగి పంపిన పని యున్నను అది త్రోసివేయబడి మనదే నిలుచును. ‘ఫోర్స్ విత్ లీజ్’ అనినచో, మన గిట్ కడపట ఎరిగిన స్థితి సర్వరులో మారియున్న యెడల పంపుటకు నిరాకరించును. అందుచే ఈ రెండవదానికి పొట్టి మారుపేరు పెట్టుకొనుట మంచి అలవాటు. కాని మన ఎడిటరు తనంతట తాను సర్వరు తాజా స్థితిని ఫెచ్ చేయుచున్నచో, సహోద్యోగి పనిని మనము కంటితో చూడకున్నను చూచినట్లే గిట్ భావించును, రక్షణ వమ్మగును. ఈ సంగతిని మారుపేరు పైన కామెంటుగా వ్రాయనిచో, ఆ పంక్తిని మాత్రమే ఎరువు తెచ్చుకొనినవాడు నిశ్చింతగా ఒకరి దినమంతటి శ్రమను చెరపగలడు.

అడిగిన క్షణముననే కృత్రిమ మేధ ఆజ్ఞను వ్రాసి యిచ్చుచుండగా ఇట్టి ఆజ్ఞలను సేకరించుట యేల యని యువకులు ప్రశ్నింతురు. మన సర్వరులో, మన జట్టు అలవాట్లలో ఏది ఏల విఫలమైనదో మనము వ్రాసి యుంచనిదే ఆ మేధకు తెలియుట యెట్లు?

1975లో స్థాపితమైన సింగపూర్ తెలుగు సమాజము ఇట్టి ఆజ్ఞల ఉమ్మడి భాండాగారమును, తెలుగు వివరణలతో, గిట్‌హబ్‌లో నెలకొల్పవలెనని నా కోరిక. కోవిడ్ సంపర్కములను గుర్తించు బ్లూట్రేస్ విధానపు కోడ్‌ను ఓపెన్‌ట్రేస్ పేర 2020లో ప్రభుత్వమే బహిరంగపరచిన దేశమున ఇది దుస్సాధ్యము కాదు. యజమాని సంస్థకు చెందిన కోడ్‌ను అందులో చేర్చరాదు. పాస్‌వర్డులు, కీలు పొరపాటున చేరినచో పంక్తిని తొలగించుటతో సరిపోదు, అవి గిట్ చరిత్రలో మిగిలియే యుండును గనుక వెంటనే ఆ కీలనే రద్దు చేయవలెను. లైసెన్సు లేని కోడ్‌ను ఇతరులు చూడవచ్చునే కాని వాడుకొను హక్కు వారికి లేదు. కావున స్వేచ్ఛగా వాడుకొననిచ్చు ఎంఐటి లైసెన్సును తొలినాడే జతపరుపవలెను.