మొదటి తప్పునే చూడండి

విద్యార్థులారా! రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ప్రోగ్రామును సీ భాషలో రాయాలని మీలో కొందరికి ఉత్సాహం ఉంటుంది. ఆ మాటలు వచ్చిపోయే ద్వారమే సాకెట్. 1983లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్‌తో ఈ పద్ధతి వ్యాపించింది.

మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్, మొదటిసారే తెరనిండా తప్పులు చూపుతుంది. బెదరకండి. లినక్స్‌లో 'నెట్‌ఐనెట్/ఇన్.హెచ్' అనే హెడర్ ఫైలును చేర్చడం మరిచారనుకోండి. చిరునామా ఉంచే స్ట్రక్చర్ తెలియదనీ, 'హెచ్‌టాన్స్' తెలియదనీ, 'ఇన్‌యాడర్_ఎనీ' తెలియదనీ కంపైలర్ వరుసగా మొరపెడుతుంది. మీరు మరచినది ఒక్క వరుసే! జ్వరం, వణుకు, తలనొప్పి మూడూ ఒకే మలేరియాకు గుర్తులైనట్లే ఇదీను. కనుక మొదటి తప్పును సరిదిద్ది, మళ్ళీ కంపైల్ చేయండి.

'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని వస్తే, ఆ మొర కంపైలర్‌ది కాదు, లింకర్‌ది. వాక్యాలన్నీ సరిగానే ఉండి, లైబ్రరీని జతచేయకపోయినా అలా వస్తుంది. విండోస్‌లో జీసీసీ వాడేవారు 'డబ్ల్యుఎస్2_32' లైబ్రరీని మరచి ఇలాగే చిక్కుకుంటారు.

కారణం వెతకకుండా పక్కవాని ప్రోగ్రామును ఎత్తి రాస్తే తప్పు పోతుంది. తెలివి మాత్రం రాదు. ఇందులో మా ఉపాధ్యాయుల లోపమూ ఉంది. తప్పులేని ప్రోగ్రాముకే మేము మార్కులు వేస్తాం. వచ్చిన తప్పు, దాని కారణం, దిద్దిన తీరు, ఈ మూడూ రికార్డులో రాసినవారికే ఎక్కువ మార్కులు రావాలని నా అభిప్రాయం. విజ్ఞానశాస్త్రంలో తప్పును దాచడం కన్నా దాని మూలం కనుక్కోవడమే గొప్ప కదా!