ఏడు పేర్లు

మొన్న తెనాలి వెళ్లినప్పుడు మా మనవణ్ణి రణరంగ చౌక్‌లో నిలబెట్టి, ‘ఇవేంటో చెప్పుకో’ అని స్తూపాలు చూపించాను. వాడు వెంటనే ఫోన్ తీశాడు. ‘తాతయ్యా, ఇక్కణ్ణుంచి స్టేషన్‌కి ఎంత దూరమో చెబుతోంది కానీ, ఇవేంటో చెప్పట్లేదు’ అన్నాడు.

నేనే చెప్పాను. 1942 ఆగస్టు 12. క్విట్ ఇండియా పిలుపు వచ్చి నాలుగు రోజులైంది. జనం రోడ్డెక్కారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. ‘వాళ్ల పేర్లేంటి?’ అన్నాడు. నాకు రెండు దాటలేదు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాణ్ణి, సిగ్గేసింది.

వేల్స్‌లో మన్మత్ అనే చిన్న ఊరుంది. 2012లో ఆ ఊరంతా క్యూఆర్ కోడ్ పలకలు బిగించారు. ఫోన్ చూపిస్తే చాలు, ఆ చోటి కథ వికీపీడియాలోంచి వస్తుంది. అదీ, మీ ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో!

పలక బిగించడం ఎంతసేపు? మన దగ్గర జామకాయల బండికీ కోడ్ ఉందాయె. దాని వెనక తెలుగులో ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా. తెలుగు వికీపీడియా మొదలైంది 2003లో. చోటుకి కొదవ లేదు, రాసే చేతులే తక్కువ.

మర్నాడు బాపట్ల. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది ఇక్కడే. స్థానం నరసింహారావు పుట్టిందీ ఇక్కడే. స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఇయర్‌ఫోన్ ఒకటి వాడి చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని ఆయన పాత గ్రామఫోన్ పాట విన్నాం. ‘పాడేది మగాయనా!’ అని మనవడు నోరు తెరిచాడు. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన మనిషి మరి. ఆ పాట ఆయన ఊళ్లోనే వినడానికి ఓ చెట్టునీడ, ఓ అరుగు, పక్కన మంచినీళ్లు, ఓ కోడ్ పలక ఉంటే ఎంత బావుండు! పెద్ద తెరలంటారా, నాకు వాటి మీద నమ్మకం లేదు. కరెంటు పోతే అవి నల్లబల్లలే.

తిరిగొస్తూ తెనాలిలో రేపల్లె రైలెక్కాం. అక్కడ మా మేనమామ ఉన్నాడు. ఎనభై దాటాయి. ఒకప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన పద్యాలు ఏ రికార్డులోనూ లేవు. మనవడు ఫోన్‌ని స్టూలు మీద నిలబెట్టాడు. ‘ముందు నన్ను శ్రుతి చేసుకోనివ్వండ్రా’ అని కసిరాడు మామయ్య. మూడో పద్యంలో ఓ పాదం మర్చిపోయి ఆగిపోయాడు. ఫ్యాన్ చప్పుడు, వీధిలో కూరగాయలమ్మి కేక. మళ్లీ మొదలెట్టి పూర్తి చేశాడు.

‘ఆగిన చోట కట్ చేసెయ్యనా?’ అన్నాడు మనవడు. వద్దన్నాను.

ఇంటికొచ్చాక ఆ ఏడు పేర్లూ వెతికి నోటుపుస్తకంలో రాయించాను. రాత్రి మామయ్య ఫోన్ చేశాడు. ‘ఒరేయ్, ఇంకో రెండు పద్యాలు గుర్తొచ్చాయి. పిల్లాణ్ణి తీసుకుని ఎప్పుడొస్తావ్?’