కీ ఏ కనెక్షన్‌దో చెప్పగలగాలి
బ్రౌజర్‌లో వీడియో కాల్ కలిసినప్పుడు మాటలకు, దృశ్యాలకు తాళం వేసే కీని ఎవరూ ఎవరికీ పంపరు. టీఎల్ఎస్‌కు డేటాగ్రామ్ రూపమైన డీటీఎల్ఎస్ హ్యాండ్‌షేక్‌లో పుట్టిన రహస్యం నుంచి రెండు వైపులా దాన్ని విడివిడిగా లెక్కగడతాయి. 2010 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 5705 నిర్దేశించిన ఈ ‘ఎక్స్‌పోర్టర్’ను చాలామంది శ్రమ తగ్గించే సదుపాయంగానే చూస్తారు. నా దృష్టిలో దాని అసలు విలువ, కీని ఆ ఒక్క కనెక్షన్‌కే కట్టేయడం. అప్లికేషనే సొంతంగా కీ తయారుచేసి పంపుకోవచ్చు కదా అంటారు. పంపుకోవచ్చు, కానీ మధ్యలో దూరినవాడు రెండు కనెక్షన్లు నడుపుతూ దాన్ని ఇటు నుంచి అటు చేరవేస్తే కనిపెట్టేదెలా? ఎక్స్‌పోర్టర్ అయితే ఆ రెంటిలోనూ కీలు కలవవు. అయితే 2014లో ట్రిపుల్ హ్యాండ్‌షేక్ దాడి, వేర్వేరు కనెక్షన్లకు ఒకే మాస్టర్ సీక్రెట్ (ఎక్స్‌పోర్టర్ కీలకు మూలమైన హ్యాండ్‌షేక్ రహస్యం) వచ్చేలా చేయొచ్చని చూపింది. అందుకే టీఎల్ఎస్ 1.2 మీద ఎక్స్‌పోర్టర్‌ను నమ్ముకునేవారు, ఆ లోపాన్ని సరిదిద్దేందుకు 2015లో వచ్చిన ఎక్స్‌టెండెడ్ మాస్టర్ సీక్రెట్ లేని కనెక్షన్‌ను నిర్మొహమాటంగా తిరస్కరించాలి; 1.3లో ఆ రక్షణ పుట్టుకతోనే ఉంది.