పాటకు భాష అడ్డమా?

ఒకనాడు విద్యార్థుల నోటు పుస్తకాలు దిద్దుతూ ఉండగా ఒక పుస్తకం చివరి పుటపై నా చూపు నిలిచిపోయింది. ముందు పుటల నిండా సంధి సూత్రాలు, ఉదాహరణలు. చివరి పుటలో మాత్రం సున్నలు, నిలువుగీతలు, అడ్డగీతలతో కూడిన ఒక అపరిచిత లిపి. ఆ విద్యార్థినిని పిలిచి అడిగాను. "కొరియా అక్షరాలు సార్. బి.టి.ఎస్. పాటల కోసం నేనే నేర్చుకొంటున్నాను" అన్నది తలవంచుకొని. మందలిస్తానని భయపడినట్లున్నది. నాకు మందలించాలనిపించలేదు. ఎవరూ చెప్పకుండా, పరీక్ష లేకుండా, కేవలం పాట మీది మక్కువతో ఒక పరాయి లిపిని సాధించిన ఆ శ్రద్ధ నన్ను ఆలోచింపజేసింది. ఆ ఆలోచనల ఫలితమే ఈ వ్యాసం.

బి.టి.ఎస్. అన్నది దక్షిణ కొరియాకు చెందిన ఏడుగురు యువకుల గాయక బృందం. 2013 జూన్‌లో రంగప్రవేశం చేసింది. కొరియా భాషలో వారి పూర్తి పేరుకు తూటాలను తట్టుకొనే బాలుర దళం అని అర్థం. 2018లో వారి 'లవ్ యువర్‌సెల్ఫ్: టియర్' అనే గీతసంపుటి అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే ఆల్బమ్‌ల పట్టికలో ప్రథమస్థానం పొందింది. కొరియా కళాకారులకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అయితే గీతసంపుటుల పట్టిక వేరు, విడి పాటల పట్టిక వేరు. 'హాట్ 100' అనే ఆ రెండో పట్టికలో అగ్రస్థానం మాత్రం కొరియావారికి అందని పండుగానే ఉండేది. 2012లో లోకమంతటినీ ఆడించిన 'గంగ్నమ్ స్టైల్' పాట కూడా రెండో స్థానం వద్దనే ఆగిపోయింది.

ఈ పరిస్థితిలో 2020 ఆగస్టు 21న బి.టి.ఎస్. 'డైనమైట్' అనే పాటను విడుదల చేసింది. అది కరోనా మహమ్మారి ప్రపంచాన్ని ఇళ్లలో బంధించిన కాలం. ఏప్రిల్‌లో మొదలు కావలసిన వారి ప్రపంచ యాత్ర నిలిచిపోయింది. దిగులుపడిన జనానికి ఉల్లాసం కలిగించే పాటగా 'డైనమైట్' వచ్చింది. డేవిడ్ స్టీవర్ట్, జెస్సికా అగోంబర్ అనే ఇద్దరు దీనిని రచించారు. ఆ బృందం మొదటినుంచి చివరివరకు ఆంగ్లంలోనే పాడి విడుదల చేసిన తొలి ప్రధాన గీతం ఇదే. మొదటి 24 గంటలలోనే దాని దృశ్యరూపాన్ని యూట్యూబ్‌లో 10 కోట్లకు పైగా చూశారు. సెప్టెంబర్ 5 నాటి 'హాట్ 100' పట్టికలో ఆ పాట నేరుగా అగ్రస్థానంలో అడుగుపెట్టింది. కొరియా దేశాధ్యక్షుడు మూన్ జే-ఇన్ స్వయంగా అభినందనలు తెలిపాడు.

ఆ ఆనందం నడుమ ఒక ప్రశ్న కూడా తలెత్తింది. ఇంతకాలం సొంత భాషలో పాడి పేరు తెచ్చుకొన్నవారు అగ్రస్థానం కోసం ఆంగ్లాన్ని ఆశ్రయించారా? ఈ సందేహానికి బలమైన కారణమే ఉన్నది. ఆ బృందం నాయకుడు ఆర్.ఎం. 2019లో ఒక పత్రికతో మాట్లాడుతూ, ఉన్నట్టుండి పూర్తిగా ఆంగ్లంలో పాడితే అది బి.టి.ఎస్. అనిపించుకోదన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. మరుసటి సంవత్సరమే ఆంగ్ల గీతం వెలువడింది. కష్టకాలంలో నలుగురినీ నవ్వించడానికి ఏ భాష అయితేనేమి అని కొందరు సమర్థించారు. ఇది మార్కెట్టుకు తలవంచడమేనని మరికొందరు నొచ్చుకొన్నారు.

ఇరుపక్షాల వాదాన్నీ తూచాలంటే ఆ పట్టిక ఎలా తయారవుతుందో తెలియాలి. అమెరికాలో ఆ వారం పాట ఎంత అమ్ముడుపోయింది, అంతర్జాలంలో ఎన్నిసార్లు విన్నారు, రేడియోలలో ఎంతమంది చెవిన పడింది అనే మూడింటినీ కలిపి స్థానం నిర్ణయిస్తారు. కొనడం, వినడం శ్రోతల చేతిలోని పని. రేడియోలో వేయడం మాత్రం ఆ కేంద్రాల నిర్వాహకుల చేతిలోని పని. శ్రోతలకు అర్థం కాదన్న నెపంతో వారు పరభాషల పాటలను అరుదుగా ప్రసారం చేసేవారు. ఆంగ్లంలో ఉన్న 'డైనమైట్'ను మాత్రం మునుపటికంటె విరివిగా వినిపించారు. అంటే అగ్రస్థానానికి వెళ్లే దారిలో ఒక ద్వారం ఉన్నది. దాని తాళంచెవి ఆంగ్లం. గాయకులు ఆ తాళంచెవిని వాడుకొన్నారు. అందులో తప్పు పట్టవలసింది నాకు కనబడదు. అయితే దానినే వారి ఘనకార్యంగా పొగడడం కూడా నాకు సమ్మతం కాదు. నా దృష్టిలో అసలు ఘనకార్యం మూడు నెలల తరువాత జరిగింది.

2020 నవంబరులో అదే బృందం 'లైఫ్ గోస్ ఆన్' అనే పాటను వెలువరించింది. పేరు ఆంగ్లమే అయినా పాటలో అత్యధిక భాగం కొరియా భాషలోనే ఉన్నది. మహమ్మారి వల్ల స్తంభించిన జీవితాన్ని తలచుకొంటూ, అయినా బతుకు సాగుతుందని ఓదార్చే గీతం అది. రేడియోలు దానిని చాలవరకు పట్టించుకోలేదు. అయినప్పటికీ డిసెంబర్ 5 నాటి పట్టికలో అది నేరుగా మొదటి స్థానాన నిలిచింది. ప్రధానంగా కొరియా భాషలో ఉన్న పాటకు ఆ స్థానం దక్కడం చరిత్రలో అదే ప్రథమం.

దీనిపై ఒక ఆక్షేపణ ఉన్నది. ఇది అభిమానులు పోటీపడి కొనడంవల్ల వచ్చిన గెలుపే తప్ప జనాదరణ కాదని కొందరంటారు. ఆ పాట రెండో వారానికే బాగా కిందికి జారిపోయిన మాట నిజం. అభిమానుల కొనుగోళ్ల బలం 'డైనమైట్'కూ ఉన్నది. కాని ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉన్నది. ఆ అభిమానులలో చాలామందికి కొరియా భాష రాదు. అర్థం కాని భాషలోని పాటను తమదిగా భావించి, అనువాదాలు వెతుక్కొని, పదాలు పలకడం నేర్చుకొని వారు ఆదరించారు. భాష తెలియకపోవడం అడ్డంకి అన్నది రేడియో నిర్వాహకుల ఊహ మాత్రమేనని, శ్రోతలకు అది అడ్డంకి కాదని ఆ వారం రుజువైంది.

కొరియావారికి ఈ గెలుపు ఎందుకంత విలువైనదో వారి చరిత్ర చెబుతుంది. ఒకప్పుడు అక్కడి విద్యావంతులు చైనా లిపిలోనే రాసేవారు. సామాన్యులకు అది అందేది కాదు. అది చూసి సేజోంగ్ రాజు 1443లో కొత్త లిపిని రూపొందించి 1446లో ప్రకటించాడు. ఆస్థాన పండితులలో కొందరు దానిని వ్యతిరేకించారు. 1910 నుంచి 1945 వరకు కొరియా జపాను ఏలుబడిలో ఉన్నది. ఆ కాలం చివరి సంవత్సరాలలో బడులలో కొరియా భాషను అణచివేశారు. ప్రజలచేత జపాను పేర్లు పెట్టించుకొన్నారు. అటువంటి భాష డెబ్బై అయిదేళ్ల తరువాత అమెరికా పాటల పట్టికలో మొదటి వరుసన నిలిచింది.

మన సాహిత్యంలో మార్గం, దేశి అని రెండు సంప్రదాయాలున్నాయి. పలు ప్రాంతాల పండితులకు తెలిసిన సంస్కృత పద్ధతి మార్గం. ఆ నేల ప్రజల నోట పుట్టిన పద్ధతి దేశి. పాల్కురికి సోమనాథుడు తెలుగు మాటకు, ద్విపదకు పట్టంకట్టి ప్రజల హృదయాలలో నిలిచాడు. నేటి లోకంలో ఆంగ్లం మార్గం వంటిది. కొరియా పాట దేశి వంటిది. మార్గం తెలిసి ఉండడం అవసరమే. కాని కవిని కవిగా నిలబెట్టేది తన నేల మాటే.

ఇందుకు మన ఇంటి సాక్ష్యమే ఉన్నది. 2023 మార్చి 12న 'నాటు నాటు' పాటకు ఆస్కార్ పురస్కారం లభించింది. చంద్రబోస్ రాసి కీరవాణి స్వరపరచిన ఆ పాటను రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదికపై తెలుగులోనే పాడారు. నాటు అంటేనే దేశి కదా! ఆ నెలలోనే బి.టి.ఎస్. గాయకుడు జంగ్‌కూక్ అభిమానులతో ప్రత్యక్షంగా ముచ్చటిస్తూ ఆ తెలుగు పాటకు తలాడించి పరవశించాడు. మన పిల్లలు కొరియా పాట వింటున్నారు, అక్కడి గాయకుడు తెలుగు పాట విన్నాడు. ఇరువైపులా భాష అడ్డు రాలేదు.

ఆ విద్యార్థినికి నేను చెప్పిన మాట ఒక్కటే. కొరియా అక్షరాలను నోటిలో ధ్వని పుట్టే స్థానాన్నిబట్టి కల్పించారు. మన వర్ణమాలలోని కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అనే విభజనలో ఉన్నదీ ఆ చూపే. అక్కడ ఒక గీత అదనంగా చేరిస్తే అల్పప్రాణం మహాప్రాణమవుతుంది. "నీ నోటు పుస్తకంలో మొదటి పుట తెలిస్తే చివరి పుట సులభమవుతుందమ్మా. రెండూ చదువు" అన్నాను. పరుల పాటను ప్రేమించడం సంస్కారం. ఆ పరులు తమ భాషను ఎంతగా ప్రేమించారో గ్రహించి మన భాషను మనం ప్రేమించడం అంతకంటె గొప్ప సంస్కారం.