ఫీజు సరే, పూట గడిచేదెలా?

ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చాక కోనసీమలోని మన సంఘాల్లో ఏటా ఒక ప్రార్థన విన్నపం వినిపిస్తుంది. "మా అమ్మాయికి నర్సింగులో సీటు రావాలి, ప్రార్థన చేయండి అయ్యగారూ" అంటారు. సీటు వస్తే ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పిస్తాం, స్తోత్రాలు చెల్లిస్తాం. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఆ బిడ్డ ఏం తిని చదువుతోందో మాత్రం అడగం. నర్సింగ్ చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు అందరం ఫీజు గురించే మాట్లాడుకుంటాం. ఇంటిని నిజంగా కుంగదీసేది చాలాసార్లు ఫీజు కాదు, నెలనెలా వచ్చే మెస్ బిల్లు.

బండారులంకనే తీసుకుందాం. అమలాపురాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరు చేనేతకు పేరు పొందింది. నేతపని, కొబ్బరి దింపు, తాపీ పని, పొలం కూలి, వీటిలో దేనికీ ఒకటో తారీఖున వచ్చే జీతం లేదు. వాన ముసురు పట్టి మగ్గం గుంటలోకి నీరు ఊరితే నేత ఆగుతుంది. పని ఆగితే కూలి ఆగుతుంది. హాస్టల్ బిల్లు మాత్రం ఆగదు. ఆదాయం తడవతడవకూ వస్తుంది, ఖర్చు తారీఖు తప్పకుండా వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులోకే వడ్డీ వ్యాపారి అడుగుపెడతాడు. అక్కడే తల్లి పాస్‌పోర్టు కూడా బయటికి వస్తుంది. కోనసీమ నుంచి ఎందరో తల్లులు కువైట్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకు ఇంటిపనికి వెళ్లింది ఇలాంటి ఖర్చుల కోసమే. తల్లి పరాయి ఇంట్లో గిన్నెలు తోమితే, కూతురు పరాయి ఊళ్లో అన్నం తింటోంది.

"ప్రభుత్వం ఇస్తోంది కదా" అనేవారున్నారు. ఇస్తోంది, కాదనలేం. 2020 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో వసతి దీవెన మొదలైనప్పుడు డిగ్రీ, ఆపై కోర్సుల వారికి భోజన, వసతి ఖర్చుల కింద ఏడాదికి 20,000 రూపాయలు, రెండు విడతల్లో ఇస్తామన్నారు. లెక్క వేయండి. రోజుకు 55 రూపాయలు కూడా కాదు. అమలాపురంలో ఆ డబ్బుకు ఒక్క పూట భోజనం వస్తే అదే ఎక్కువ. 2024లో ప్రభుత్వం మారింది, పథకాల పేర్లూ మారాయి, ఫీజు సొమ్మును నేరుగా కళాశాలల ఖాతాలకే వేయాలన్న నిర్ణయమూ వచ్చింది. ఏ ప్రభుత్వం ఉన్నా మారనిది ఒకటుంది. విడత ఆలస్యమైతే కళాశాల వాళ్లు ఆగగలరేమో గానీ, ఆకలి ఆగదు.

నర్సింగు విద్యార్థిని కష్టం మిగతావారి కష్టం లాంటిది కాదు. బీకాం చదివే అమ్మాయి సాయంత్రం నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవచ్చు, సెలవు రోజున ఇంట్లో మగ్గం దగ్గర సాయపడవచ్చు. నర్సింగు విద్యార్థినికి ఉదయం తరగతి, ఆపై వార్డు డ్యూటీ, ఒక్కోసారి రాత్రి డ్యూటీ. అది కాక గ్రామాల్లో కమ్యూనిటీ పోస్టింగు. యూనిఫాం, బూట్లు, రికార్డు పుస్తకాలు, బస్సు ఖర్చులు వేరు. చదువుకుంటూ సంపాదించుకునే దారి ఆమెకు దాదాపు మూసుకుపోయినట్టే. పైగా వార్డులో ఆమె చేసే పని రోగికి నిజంగా ఉపయోగపడే పని. ఆ పని చేయడానికి ఆమె తండ్రే ఎదురు డబ్బు కడుతున్నాడు.

మొదట్లో ఇలా లేదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల బడి తెరిచినప్పుడు, అక్కడ చేరినవారికి భోజనం, వసతి, యూనిఫాం ఇచ్చి, చేతి ఖర్చులకు ఏడాదికి 10 పౌండ్లు కూడా ఇచ్చారు. మే 12న ఆమె పేరిట దీపాలు వెలిగించే మనం ఈ సంగతి మరిచిపోతాం. మన దేశంలో మిషనరీ అమ్మలు నర్సుల శిక్షణను ఆసుపత్రి ఆవరణలోనే పెట్టారు. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ బడి ప్రారంభించారు. సంఘాలు తమ బిడ్డలను నిలబెట్టి పంపడం, వారు చదువయ్యాక తిరిగివచ్చి కొంతకాలం సేవ చేయడం అక్కడ నేటికీ ఉన్న ఏర్పాటు. ప్రైవేటు కళాశాలలు పెరిగాక ఒకప్పుడు ఆసుపత్రి మోసిన బరువు ఇంటి మీదికి వచ్చింది.

ఇది పేద దేశాల సమస్య మాత్రమే కాదు. ఇంగ్లండులో నర్సింగు విద్యార్థులకిచ్చే భృతిని 2017లో కొత్తగా చేరేవారికి తీసేశారు. దరఖాస్తులు బాగా పడిపోయాయి. చివరికి 2020 సెప్టెంబరు నుంచి తిరిగి చెల్లించనక్కర్లేని 5,000 పౌండ్ల సాయాన్ని ఏటా ఇవ్వక తప్పలేదు. జర్మనీలో నర్సు శిక్షణలో చేరినవారికి మొదటి ఏడాది నుంచే నెలనెలా వేతనం ఉంటుంది. నేర్చుకునేవారికి కూడు పెట్టకపోతే రేపు రోగి మంచం పక్కన నిలబడేవారు ఉండరని ఆ దేశాలు గ్రహించాయి.

"నర్సు అయ్యాక ఎలాగూ సంపాదిస్తుంది కదా" అనే మాట కూడా వింటుంటాం. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. విదేశీ ఉద్యోగం అందరికీ రాదు, వచ్చేవారికీ వెంటనే రాదు. చదువు కాలంలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఆ అమ్మాయి మొదటి జీతాలన్నిటినీ మింగేస్తుంది.

ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానాన్ని ఈ వెలుగులో మళ్లీ చదవండి. మనం గాయాలు కట్టిన దగ్గరే ప్రసంగం ముగిస్తాం. కథ అక్కడ ముగియలేదు. అతడు గాయపడినవాణ్ని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, రెండు దేనారములు చెల్లించాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు. దేనారము ఒక రోజు కూలి. అంటే ఆయన బస, భోజనం ఖర్చు భరించాడు, రాబోయే బిల్లుకు కూడా పూచీ పడ్డాడు. ఆకలితో ఉన్నవారికి దీవెన మాటలు చెప్పి ఉత్త చేతులతో పంపే విశ్వాసాన్ని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో ఎంత గట్టిగా మందలించాడో మనకు తెలుసు.

అందుచేత సంఘపెద్దలకు, స్త్రీల సమాజాలకు కొన్ని మాటలు.

ఒక సంఘం ఒక విద్యార్థినిని చదువు పూర్తయ్యేవరకు చేపట్టాలి. 50 కుటుంబాలు నెలకు 100 రూపాయల చొప్పున వేస్తే 5,000 అవుతుంది. చిన్న సంఘమైతే పక్క ఊరి సంఘంతో కలవండి. ఆ సొమ్మును క్రిస్మస్‌కు ఒకసారి కవరులో పెట్టి ఇవ్వకుండా, ప్రతి నెలా గడువులోగా హాస్టలుకే కట్టండి. ఒకేసారి ఇచ్చే పెద్ద కానుక కంటే తప్పకుండా అందే చిన్న మొత్తమే ఆ ఇంటిని వడ్డీ నుంచి కాపాడుతుంది.

చేరకముందే ఆ కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, శిక్షణకు ఆసుపత్రి ఉందో లేదో చదువుకున్న పెద్ద ఒకరు వెళ్లి చూడాలి. తండ్రితోపాటు బ్యాంకుకూ వెళ్లాలి. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో నర్సింగు కోర్సులున్నాయి. హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, యూనిఫాం కూడా రుణంలో చేర్చవచ్చు. 4 లక్షల వరకు పూచీగా ఆస్తి పెట్టనక్కర్లేదు. ఫీజుకే రుణమని అనుకుని తిండికి బయట అప్పు చేసే కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి.

ఆ బిడ్డను వేదిక మీద నిలబెట్టి ఫోటో తీయకండి. ఫ్లెక్సీ మీద పేరు వేయకండి. సాయం పొందిందని పెళ్లి విషయంలోనో, ఉద్యోగం విషయంలోనో ఆమెపై పెత్తనం చేయకండి. రేపు తన కాళ్ల మీద నిలబడ్డాక మరో అమ్మాయి మెస్ బిల్లులో పాలుపంచుకోమని చెప్పండి, చాలు.

మహాసభల పందిళ్లకు, సౌండు బాక్సులకు మన సంఘాలు వెనుకాడకుండా ఇస్తాయి. ఇచ్చే మనసు మనకు లేదని ఎవరూ అనలేరు. అయితే డబ్బు కరువైన ఇంట్లో అన్నయ్య ఇంజనీరింగు సాగుతుంది, చెల్లెలి నర్సింగు ఆగుతుంది, ఆ వెనుకే పెళ్లిచూపులు మొదలవుతాయి. అది జరిగేది మన మందిరానికి నాలుగిళ్ల అవతలే. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘంలోని నర్సింగు విద్యార్థిని తల్లిని పక్కకు పిలిచి అడగండి, "ఈ నెల బిల్లు కట్టారా అమ్మా?" అని. ఆమె జవాబు విన్నాక ప్రార్థన చేయండి. చేసి, చందా పుస్తకం తెరవండి.