పిట్ట పేరు తెలిసినవాడే దొంగా?

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక కథ మీద నలుగురం మాట్లాడుకుంటున్నాం. అందులో ఒక ముసలాయన ఉచ్చు పెట్టి కౌజుపిట్టను పట్టి, కూర వండుకుంటాడు. "ఛీ, అంత చిన్న ప్రాణిని ఎలా తింటారండీ!" అందొకావిడ. అప్పటికి మా టేబుల్ మీద చికెన్ సిక్స్‌టీఫైవ్ ప్లేటు సగం ఖాళీ. నేనా పూట నోరు మూసుకున్నాను. ఇప్పుడు మాట్లాడతాను.

మాది అర్ధవీడు. ఒకపక్క నల్లమల, ఇంకోపక్క కంభం చెరువు. చిన్నప్పుడు కౌజు తిన్నాను, పూరేడు తిన్నాను, గువ్వా తిన్నాను. ఇప్పుడు తినను. మిమ్మల్ని తినమనీ చెప్పను. 1972 వన్యప్రాణి చట్టం మొదట్లో చిన్న వేటకి లైసెన్సులు ఇచ్చేది. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. మంచిదే. నా గొడవ చట్టంతో కాదు, చదువుకున్నవాళ్ళ జాలితో.

ఈ జాలికి పిట్టల పేర్లు తెలీవు. సిటీ హోటళ్ళలో "కౌజుపిట్ట ఫ్రై" అమ్ముతారు. అది ఫారంలో పెంచిన జపాన్ పిట్ట, పూరేడుకి చుట్టం. మా వైపు కౌజు వేరు. బూడిదరంగు ఒళ్ళు, ముళ్ళపొదల్లో పరుగు, చెదపురుగులూ గింజలూ తిండి, చీకటిపడితే తుమ్మచెట్టు మీద నిద్ర. దాని పేరు ఊడి ఇంకోదానికి అంటుకున్నా మనకి పట్టలేదు. పావురం సంగతీ అంతే. అపార్ట్‌మెంట్లో ఒకే పావురానికి కింది ఫ్లోర్‌వాళ్ళు గింజలేస్తారు, పై ఫ్లోర్‌వాళ్ళు వల కట్టిస్తారు. మర్రిపళ్ళకొచ్చే పచ్చపావురం ఒకటుందని ఇద్దరికీ తెలీదు.

తెలిసినవాడు ఎవడంటే, తెల్లారుజామున దీమం పిట్టతో మా చేని గట్టుకి వచ్చే ఆయన. దీమం అంటే ఎర. పెంపుడు మగ కౌజు పంజరంలోంచి కూస్తుంది. నా నేలలో ఇంకోడెవడని అడవి కౌజు పోట్లాటకి వస్తుంది, చుట్టూ పెట్టిన ఉచ్చులో కాలేస్తుంది. "గుడ్ల కాలంలో దీమం ఎత్తను సామీ, ఇప్పుడు పట్టేస్తే వచ్చే యేడు ఏం తినాలా?" అనేవాడు. అందరూ ఈ నియమం పాటించారని నేననను. కానీ ఏ పొదలో ఏది గుడ్లు పెడుతుందో ఆయనకి తెలిసినంతగా నాకు ఇప్పటికీ తెలీదు.

ఇది నా ఊరి మీద మమకారం కొద్దీ చెప్తున్న మాట కాదు. మాకు దక్షిణాన, కడప జిల్లాలో జరిగింది చూడండి. కలివికోడి 1900 తర్వాత ఏ శాస్త్రవేత్త కంటా పడలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకి అది దొరికింది ఆయన వల్లే. అభయారణ్యం ఆ తర్వాత వచ్చింది. అంతకుముందు, 1930ల మొదట్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ కూడా పిట్టల్ని తుపాకీతో కొట్టే సేకరించాడు. అప్పటి శాస్త్రం అలాగే నడిచింది, తప్పుపట్టను. కానీ తుపాకీ పట్టినాయన మనకి మహానుభావుడు, ఉచ్చు పట్టినాయన దొంగ. పిట్టలదొర వేషం చూసి నవ్వుకుంటాం, పిట్టలు పట్టేవాణ్ణి చూసి ముఖం చిట్లిస్తాం.

"అలా వదిలేస్తే ఒక్క పిట్టా మిగలదు" అంటారు. నిజమే, భయపడాల్సిందే. అమెరికాలో వందల కోట్లుగా ఎగిరిన పాసింజర్ పావురాల్లో చివరిది, మార్తా, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. గుంపు ఎక్కడ దిగిందో టెలిగ్రాఫ్ చెప్పేది. చంపినవాటిని పీపాలకెత్తి రైళ్ళలో నగరాలకి పంపేవాళ్ళు. మరోపక్క అవి బతికే అడవుల్నీ నరికేశారు. అంతటి జాతి మార్కెట్ వల్లా, పోయిన అడవుల వల్లా అంతరించింది. ఒక ఇంటి కూరకుండ వల్ల కాదు. నైలాన్ వలలేసి హోటళ్ళకి అమ్మేవాడి మీద కేసు పెట్టండి, నేనూ మీతోనే ఉంటాను. ఇంట్లో పొయ్యి మీదికి ఒక పిట్టను తెచ్చుకున్నవాణ్ణీ అతన్నీ ఒకే గాటన కట్టొద్దు.

ఇక నా సంగతి. రెండేళ్ళ కింద నేను పంపిన డబ్బుతోనే మా చేనికి జేసీబీ వచ్చింది. గట్ల మీది రేగు, కలే, కంపపొదలు ఒక్క పూటలో చదునైపోయాయి. మిగిలిన గడ్డికి మందు కొట్టించాం. "ఇప్పుడు చేను నీటుగా ఉంది" అని నాన్న ఫోన్‌లో సంబరపడ్డాడు, నేనూ పడ్డాను. ఆ సంక్రాంతికి ఊరెళ్తే పొద్దున్నే కౌజు కూత లేదు. అదే పొదలో ఒక్క కౌజును పట్టినవాడికి మూడేళ్ళ దాకా జైలని చట్టంలో ఉంది. పొదనే లేకుండా చేసిన నా మీద కేసు లేదు. పైగా నేను మాంసం మానేసి పర్యావరణం కవితలకి లైకులు కొట్టే మంచి పాఠకుణ్ణి.

కథలు రాసే మిత్రులకి ఒకటే మాట. "ఏదో పిట్ట కూసింది" అని రాయకండి. ఏ పిట్టో అడిగి రాయండి. చెప్పగలిగినవాళ్ళు గూడేల్లో, చేలగట్ల మీద ఇంకా కొందరున్నారు. వాళ్ళని నిందితులుగానో, అమాయక అడవి బిడ్డలుగానో చూపించడం మాని, తెలిసిన మనుషులుగా కూర్చోబెట్టి మాట్లాడించండి.

అంత చిన్న ప్రాణిని ఎలా తింటారని అడిగారు కదా ఆవిడ. అడగాల్సిన ప్రశ్నే. గట్టు మీది పొదలెందుకు కొట్టించావని మాత్రం నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.