మాటల మూట: హైపరా, హైపోనా?

కిందటి నెల ఒక రాత్రి మా అత్తగారికి చెమటలు పట్టి చేతులు వణికాయి. ఫోనులో నర్సు "హైపో" అన్నది. మా చెవికి "హైపర్" అని వినిపించింది. చక్కెర పెరిగిందనుకుని ఇన్సులిన్ సూది అందుకోబోయాం. ఇంతలో మీటరు 58 చూపించబట్టి సరిపోయింది! సూది పక్కన పడేసి నారింజ రసం తాగించాం.

రెండూ గ్రీకు ఉపసర్గలే. హైపర్ అంటే పైన, మించి; హైపో అంటే కింద, తక్కువ. మనవాళ్ళకు ఇవి గుర్తుండటం సులువు. సంస్కృతంలోని "ఉపరి" హైపర్‌కూ, "ఉప" హైపోకూ దాయాదులు. ఉపరితలం పైన ఉంటుంది. ఉపాధ్యక్షుడు అధ్యక్షుడి కింద ఉంటాడు. (మన సంఘం ఉపాధ్యక్షులవారు మన్నించాలి.) రక్తపోటు పెరిగితే హైపర్‌టెన్షన్. థైరాయిడ్ గ్రంథి చాలినంత పనిచేయకపోతే హైపోథైరాయిడ్. చర్మం కిందికి దిగే సూదిని హైపోడెర్మిక్ అనడమూ అందుకే.

అయితే అర్ధరాత్రి ఫోనులో వ్యుత్పత్తులు అక్కరకు రావు. "లో నా, హై నా?" అని అడగండి, మీటరు అంకె చదివి చెప్పండి. 70కి తక్కువైతే ముందు పంచదార నీళ్ళో, పళ్ళరసమో. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే అంబులెన్సును పిలవాలి.